వెనక్కి చూడని బండి

పాత బుల్లెట్టు మీద అద్దం ఎక్కడ బిగించాలన్న సంగతి ఆ బండిని గీసినవాళ్ళు ఆలోచించనే లేదు. హెడ్‌లైటుకి చోటుంది. దాని పైన అటొకటి ఇటొకటి టైగర్ ల్యాంపులకు చోటుంది. స్పీడోమీటరుకీ ఆమ్మీటరుకీ గుంటలు తొలిచి ఉన్నాయి. క్లచ్ లివరు పట్టుకునే బ్రాకెట్టు మీద అద్దం కాడ దిగడానికి మర వేసిన బొక్క మాత్రం లేదు. అద్దం పిలవని పేరంటానికి వచ్చినట్టు తర్వాతెప్పుడో వచ్చింది. వచ్చిన రోజు నుంచీ వణుకుతూనే ఉంది. మన మెకానిక్ షెడ్లలో ఏళ్ళ తరబడి ఆ అద్దానికి చేసిన చాకిరీ అంతా, బండిలో లేని చోటు దానికి కల్పించడానికి చేసిందే.

మా నాన్నది ఏలూరు పవర్‌పేటలో మోటారు సైకిళ్ళ షెడ్డు. పానాలు కిరసనాయిల్లో కడిగి, తుడిచి, సైజుల వారీగా పేర్చడం చిన్నప్పుడు నా పని. తర్వాత జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. షెడ్డులో చూసినదానికి కారణం కాలేజీకి వెళ్ళాకే దొరికింది. మోటారు సైకిళ్ళ చరిత్ర రాసేవాళ్ళు ఇంజన్ల గురించి రాస్తారు, పందాల గురించి రాస్తారు, సినిమాలో హీరో ఎక్కిన బండి గురించి రాస్తారు. అద్దం జోలికి ఎవరూ పోరు. మా నాన్న మధ్యాహ్నం భోజనం చల్లారిపోతున్నా వదలకుండా కూర్చున్నది మాత్రం ఎక్కువగా దాని ముందే.

అద్దం వణకడం బుల్లెట్టుతో మొదలైన జబ్బు కాదు. వెనక్కి చూపించే అద్దం ఎంత పాతదో ఆ వణుకూ దాదాపు అంతే పాతది. 1909లో డొరొతీ లెవిట్ అనే ఇంగ్లండు కార్ల పందాల మనిషి ఆడవాళ్ళకు కారు నడపడం గురించి ఒక పుస్తకం రాస్తూ, చేతి అద్దం ఒకటి దగ్గర పెట్టుకోమని చెప్పింది. అప్పుడప్పుడు దాన్ని ఎత్తి పట్టుకుంటే వెనక ఏం వస్తోందో తెలుస్తుందని. రెండేళ్ళ తర్వాత, 1911 మే 30న, అమెరికాలో ఇండియానాపోలిస్ పందెం మొట్టమొదటిసారి 500 మైళ్ళకు జరిగింది. అప్పట్లో పందెం కారులో డ్రైవరు పక్కన ఒక మెకానిక్ కూర్చుని, వెనక ఎవరు వస్తున్నారో చెబుతుండేవాడు. రే హారూన్ అనే డ్రైవరు మాత్రం తన మార్మన్ వాస్ప్ కారులో ఒక్కడే కూర్చున్నాడు. వెనక చూసే మనిషి లేకుండా నడపడం ప్రమాదమని మిగతావాళ్ళు గొడవపెట్టారు. ఆయన నాలుగు కడ్డీల మీద ఒక అద్దం నిలబెట్టి వాళ్ళ నోరు మూయించాడు, పందెమూ గెలిచాడు. గంటకు సగటున దాదాపు 120 కిలోమీటర్ల వేగం.

కారులో అద్దం పుట్టిన కథగా దీన్ని చాలామంది చెబుతారు. నాకు నచ్చేది మాత్రం దాని తోక. ఆ మైదానంలో పందెం దారంతా ఇటుకలే, 32 లక్షల దాకా పరిచారు. ఇటుకల మీద కారు గడగడలాడుతుంటే అద్దంలో తనకేమీ కనబడలేదని హారూన్ తర్వాతి రోజుల్లో తానే ఒప్పుకున్నాడు. ఆ అద్దం పోటీదారుల నోరు మూయించడానికి పనికొచ్చింది గానీ వెనక చూడడానికి పనికిరాలేదు. పోలీసు ఆపినప్పుడు చూపించడానికి మాత్రమే అద్దం పెట్టుకునే కుర్రాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

ఇక బుల్లెట్టు సంగతి. దాని పుట్టిల్లు ఇంగ్లండులోని రెడిచ్. ఆ ఊరు ఒకప్పుడు కుట్టు సూదులకు పేరుపొందింది. బుల్లెట్టుని తయారుచేసిన కంపెనీ మూలం కూడా 1851 నాటి ఒక సూదుల ఫ్యాక్టరీయే. సన్నటి పని తెలియని వాళ్ళు కాదు. అయినా 1949లో వెనక చక్రానికి స్వింగింగ్ ఆర్మ్ పెట్టి కొత్త బుల్లెట్టు దించినప్పుడు గానీ, ఆ తర్వాత హెడ్‌లైటునూ మీటర్లనూ టైగర్ ల్యాంపులనూ ఒకే అల్యూమినియం పోతలో కూర్చినప్పుడు గానీ, అద్దానికి చోటివ్వలేదు. అక్కడ అప్పట్లో ఏ కంపెనీ బండికైనా అంతే. కావలసినవాడు విడిగా కొట్టులో కొనుక్కుని హ్యాండిలుకి తగిలించుకునేవాడు. మలుపు తిరిగేముందు భుజం మీదుగా ఒక చూపు చూసి, చెయ్యి చాపితే సరిపోయేది. ఇండికేటర్లు కూడా లేవు మరి.

ఆ బండి మన దేశానికి సైన్యం కోసం వచ్చింది. 1950ల తొలి సంవత్సరాల్లో సరిహద్దు గస్తీకి 800 బుల్లెట్లు ఆర్డరిచ్చారు. 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో మొదట విడిభాగాలు తెచ్చి కూర్చారు; 1962 నాటికి అన్నీ ఇక్కడే తయారుచేశారు. అసలు కథ ఇక్కడుంది. 1970 వచ్చేసరికి ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడింది. మద్రాసులో మాత్రం అదే బండి, అదే 70 మిల్లీమీటర్ల బోరు, అదే 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, అదే 346 సీసీ, దశాబ్దాల తరబడి వస్తూనే ఉంది. వెనక చూడనక్కర్లేని రోజుల్లో గీసిన బండి, వెనక చూడకపోతే ప్రాణం పోయే రోజుల్లోకి నడిచొచ్చేసింది.

మా ఏలూరు మద్రాసు–కలకత్తా దారి మీద ఉంది. పాతవాళ్ళు జి.ఎన్.టి. రోడ్డనేవారు, తర్వాత అయిదో నంబరు హైవే అయింది, ఇప్పుడు పదహారు. విజయవాడ అరవై కిలోమీటర్లు. దారి పొడుగునా లారీలు. మనం ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి దాటిపోయే లారీ కుడి భుజం పక్క నుంచి వస్తుంది. అందుకే మా షెడ్డుకి వచ్చిన పాత బండ్లలో చాలావాటికి కుడి పక్కన ఒక్కటే అద్దం ఉండేది. ఎడమ అద్దం షోకు కింద లెక్క. బండి ఎక్కేవాళ్ళు ఎవరని? ఎస్సైలు, డాక్టర్లు, రైసుమిల్లు ఆసాములు, సైన్యం వేలంలో పాత బండి కొని తెచ్చుకున్న రైతులు. భీమవరం వైపు నుంచి వచ్చే ఒక రాజుగారు షెడ్డు ముందు బండి ఆపుతూనే అనేవారు, “వెనక లారీ కనబడుతోందయ్యా, కాదనను. ఒక్క లారీ నాలుగు లారీలుగా కనబడుతోంది!”

ఆ నాలుగు లారీల వెనక ఉన్న లెక్క కాస్త చెబుతాను. బుల్లెట్టుది ఒకే పెద్ద పిస్టను. పైకీ కిందికీ కొట్టుకుంటుంది. దాన్ని సరితూచడానికి క్రాంకు మీద ఎదురు బరువు పెడతారు. పిస్టనుకి పూర్తిగా సరిపోయే బరువు పెడితే పైకీ కిందికీ ఊగడం ఆగి, బండి ముందుకీ వెనక్కీ ఊగడం మొదలెడుతుంది. అందుకని ఏదో మధ్యస్థంగా పెట్టి, ఊపుని రెండు వైపులకీ పంచుతారు. పోయేది లేదు, పంచుకోవడమే. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగితే, సెకనుకు 50 ఊపులు ఫ్రేము మీదుగా హ్యాండిలుకి, హ్యాండిలు నుంచి అద్దం కాడకి ఎక్కుతాయి.

ప్రతి కాడకీ తనదైన సహజ పౌనఃపున్యం ఒకటుంటుంది. ఇంజను ఊపు సరిగ్గా దాని దగ్గరికి వచ్చినప్పుడు కాడ రెచ్చిపోతుంది. దీన్నే క్లాసులో అనునాదమని చెప్పేదాన్ని. వంతెన మీద సైనికులు అడుగు కలిపి నడవకూడదన్న పాత ఉదాహరణ పుస్తకంలో ఉంటుంది. నేను మాత్రం కాలేజీ ఆవరణలో ఎవరిదైనా బుల్లెట్టు ఉంటే అక్కడికే తీసుకెళ్ళి, యాక్సిలరేటరు నెమ్మదిగా పెంచమనేదాన్ని. ఒకచోట అద్దం కనబడనంతగా ఊగుతుంది. ఇంకొంచెం పెంచితే తనే సర్దుకుంటుంది. ప్రతి పాత బండికీ అలాంటి ఒక వేగం ఉంటుంది. దాని యజమాని ఆ వేగాన్ని తప్పించి నడపడం తనకు తెలియకుండానే నేర్చుకుంటాడు.

ఇంకో సంగతి మా నాన్నకి ఎవరూ చెప్పలేదు, ఆయన చేతికే తెలిసింది. బల్లపరుపు అద్దం తన తలంలో తాను ఎంత జరిగినా బొమ్మ చెదరదు. అద్దం ఒరిగితేనే బొమ్మ చెదురుతుంది, అదీ రెట్టింపుగా. అద్దం అర డిగ్రీ ఒరిగితే కాంతి ఒక డిగ్రీ మళ్ళుతుంది. వెనక 50 మీటర్ల దూరాన ఉన్న లారీ అద్దంలో ఒక గజం, అంటే దాదాపు 90 సెంటీమీటర్లు పక్కకి జరిగినట్టే లెక్క. సెకనుకు 50 సార్లు అలా అటూ ఇటూ జరిగితే రాజుగారికి నాలుగు లారీలు కనబడక ఏం చేస్తాయి? కాబట్టి అద్దాన్ని ఊగకుండా ఆపనక్కర్లేదు, ఒరగకుండా ఆపితే చాలు.

నాన్న దీన్ని సీసంతో సాధించేవారు. అద్దం బిళ్ళ ఊడదీసి, వెనక డొప్పలో సీసపు రేకు ఒకటి గుండ్రంగా కత్తిరించి అంటించి, మళ్ళీ బిళ్ళ కూర్చేవారు. బరువెక్కిన అద్దం తొందరగా ఒరగదు. సీసం బరువుకి కాడ సహజ పౌనఃపున్యం కూడా తగ్గిపోయి, బండి ఐడిలింగులో ఉన్నప్పుడు ఊగుతుంది, రోడ్డెక్కి పరుగందుకున్నాక నిలుస్తుంది. హ్యాండిలుకీ అద్దం క్లాంపుకీ మధ్య సైకిలు ట్యూబు ముక్క చుట్టేవారు. అది కూడా ఆ దారిలోని పనే: సన్నటి వేగమైన వణుకుని రబ్బరు మింగుతుంది, నెమ్మదైన ఊపుని మాత్రం వదిలేస్తుంది. షెడ్డు ముందు నిలబెట్టి చూసేవాడికి అద్దం ముందుకన్నా ఎక్కువ ఊగుతున్నట్టు కనిపించి గాభరా పుట్టేది. “రోడ్డెక్కాక చూసి, అప్పుడు తిట్టండి,” అనేవారు నాన్న.

ఈ పద్ధతి చూస్తే మా షెడ్డుకి ఆనుకుని ఉన్న లేతు సాయిబుగారికి ఒళ్ళు మండిపోయేది. ఆయనది పూర్తిగా ఎదురు దారి. మెత్తగా ఉన్నదేదీ ఆయనకి పనికిరాదు. హ్యాండిలు గొట్టం బయటి కొలత 22 మిల్లీమీటర్లకి సరిగ్గా అతుక్కునేలా ఇత్తడిలో రెండు చెక్కల కాలరు తిప్పి, మధ్య రబ్బరు లేకుండా, లోహం లోహాన్నే పట్టేలా బిగించేవారు. కాడని పొట్టిగా కోసేవారు. కాడ పొడుగులో నాలుగో వంతు తగ్గిస్తే దాని సహజ పౌనఃపున్యం దాదాపు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. బండి మామూలుగా నడిచే వేగాలకి అది అందదు. లెక్క ఆయనకి తెలియదు. చేతి గోటితో కాడని మీటి, మోత విని, “ఇంకో అంగుళం తియ్యాలి,” అనేవారు.

ఇద్దరూ ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

“కాడ కోసేస్తే మోచెయ్యి తప్ప ఇంకేం కనబడుతుంది సాయిబుగారూ?”

“మోచేతి మీద ఈగ వాలినా కనబడుతుంది కదయ్యా! నీ అద్దంలో ఏనుగొచ్చినా ఈగలాగే వణుకుతుంది.”

ఇప్పుడు నన్నడిగితే ఇద్దరిదీ సరైన దారే. వాళ్ళు అద్దం రెచ్చిపోయే వేగానికి దూరంగా పారిపోతున్నారు, ఒకరు కిందికి, ఒకరు పైకి. హైవే మీద ఒకే వేగంతో పోయే బండికి నాన్న పద్ధతి మేలు. ఊళ్ళో ఆగుతూ పోతూ తిరిగే డాక్టరుగారి బండికి సాయిబుగారి పద్ధతి మేలు. రెండూ కలిపి సగం సగం చేసిన బండే ఎందుకూ కొరగాకుండా పోయేది. కాడ పొట్టి చేసి రబ్బరు చుట్టినా, పొడుగు కాడ ఉంచేసి ఇత్తడి కాలరు వేసినా అద్దం సరిగ్గా నడిచే వేగానికే దొరికిపోయేది. పక్క షెడ్లలో చేయించుకుని మా దగ్గరికి వచ్చినవి ఎక్కువగా అలాంటివే.

మరల గొడవ వేరే. బుల్లెట్టుది ఇంగ్లీషు మర, అంగుళాల లెక్క. బ్రిటిష్ సైకిలు మర అంగుళానికి 26 చుట్లు, మరో రకం 22, విట్‌వర్త్ మర 18. తర్వాత వచ్చిన సరుకు మిల్లీమీటర్ల లెక్క. అంగుళంలో పదహారింట అయిదు వంతుల బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు. దాన్నీ ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టునీ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కానీ ఎనిమిది మిల్లీమీటర్ల దానికి మరకీ మరకీ మధ్య 1.25 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి ఇరవై చుట్ల పైచిలుకు. పాత క్లాంపులో కొత్త కాడ తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా దిగుతుంది. తర్వాత బిగుస్తుంది. బిగువు చూసి బిగిసిందనుకుంటాడు, పానా వేసి ఇంకో చుట్టు లాగుతాడు. మర కాస్తా ఒరుసుకుపోతుంది. ఆ అద్దం ఇక ఎప్పటికీ నిలవదు.

దీనికి మందు సాయిబుగారి దగ్గరే ఉండేది. లోపల మిల్లీమీటరు మర, బయట అంగుళం మర వేసిన ఇత్తడి ముక్క. అలాంటి ముక్కలు ఇప్పుడు కొట్లలో ప్యాకెట్టులో దొరుకుతున్నాయి, పది మిల్లీమీటర్ల నుంచి ఎనిమిదికి మార్చేవి కూడా. అప్పుడు ఒక్కొక్కటీ లేతు మీద తిప్పాల్సిందే. అసలు క్లాంపులు కావాలంటే మద్రాసు వెళ్ళేవాళ్ళెవరికైనా చెప్పి పుదుపేట నుంచి తెప్పించేవారు. విజయవాడ ఆటోనగర్ ఎదిగాక ఆ అవసరం తీరింది.

బిగించిన నట్టు వదులవకుండా పట్టుకునే జిగురు అమెరికాలో 1953లోనే పుట్టింది. వెర్నన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసరు కనిపెట్టాడు. లాక్‌టైట్ పేరుతో అమ్ముడుపోయింది. గాలి తగలని చోట, లోహం తగిలితే గట్టిపడడం దాని గుణం, అందుకే మరల సందుల్లో పనికొస్తుంది. పవర్‌పేటకి అది వచ్చేసరికి నాన్నకి వయసైపోయింది. అప్పటిదాకా ఆయన వాడింది ఎనామెల్ పెయింటు. ఒక చుక్క మర మీద వేసి, తడి ఆరకముందే బిగించేవారు. పెళ్ళికి కొన్న గోళ్ళ రంగు కనబడడం లేదని మా అక్క ఇల్లంతా వెతికితే, అది షెడ్డులో పానాల పెట్టెలో దొరికింది.

జావా, రాజ్‌దూత్ బండ్ల వణుకు ఇలాంటిది కాదు. మైసూరులో 1961 నుంచి జావాలు, తర్వాత అవే యెజ్డీ పేరుతో, తయారయ్యాయి. రాజ్‌దూత్ 175 పోలండు బండి నమూనా. రెండూ టూ స్ట్రోకు. చుట్టుకో పేలుడు కాబట్టి వణుకు సన్నగా, జిలగా ఉంటుంది. అద్దం ఊగదు, మసకబారినట్టు ఉంటుంది. వాటి అద్దాలకి పెద్దగా కష్టపడనక్కర్లేదు. రాజ్‌దూత్‌తో వచ్చిన తంటా పాల క్యాన్లది. పాలవాళ్ళు వెనక అటొకటి ఇటొకటి క్యాన్లు కడితే, అద్దంలో క్యాను తప్ప ఏమీ కనబడదు. కాడ పొడిగించమనేవారు. పొడుగు కాడ వణికేది. క్యానైనా తగ్గించుకో, వణుకైనా భరించు అని నాన్న ముందే చెప్పేసేవారు. ఎవరూ క్యాను తగ్గించుకోలేదు.

బిళ్ళ పగిలితే కంపెనీ బిళ్ళ కోసం ఎవరూ చూసేవారు కాదు. దేవుడి పటాలకు ఫ్రేములు కట్టే కొట్టులో గుండ్రంగా కోయించేవారు. అది ఇంట్లో గోడకి పెట్టే బల్లపరుపు అద్దమే; దూరం ఉన్నదున్నట్టు చూపిస్తుంది కానీ చూపించే వెడల్పు తక్కువ. ఉబ్బు అద్దం వెడల్పు చూపిస్తుంది, వస్తువుని చిన్నది చేసి దూరంగా ఉన్నట్టు భ్రమపెడుతుంది. ఉబ్బు అద్దానికి అలవాటుపడని పెద్దలు వచ్చి, లారీ ఇంకా దూరంగా ఉందనుకున్నామని, పక్క నుంచి హోరుమని పోయిందని చెప్పి, మళ్ళీ పటాల కొట్టు అద్దమే వేయించుకున్న రోజులున్నాయి. బల్లపరుపు అద్దం వణికితే ఇంకా బాగా తెలుస్తుంది. అయినా వాళ్ళకి దూరం నిజంగా కనబడడమే ముఖ్యం. నేనూ వాళ్ళ పక్షమే.

పిచ్చుకలు అద్దాన్ని వదులు చేస్తాయంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. అద్దంలో తన బొమ్మని ఇంకో పిచ్చుక అనుకుని పొద్దస్తమానం పొడుస్తుంది. చూరు కింద బండి నిలిపిన ఇళ్ళలో అద్దాలకి గుడ్డ సంచులు తొడిగేవారు. ముక్కు పోట్లకి అద్దమేమీ కాదు. పోనుపోను సంచి తొడిగే చెయ్యీ తీసే చెయ్యీ రోజూ అద్దాన్ని కదిపేవి. వదులయ్యేది అందుకు.

1980లలో జపాను బండ్లు వచ్చాయి. ఇండ్-సుజుకీ 1984లో, హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 ఆ మరుసటేడు. లివరు బ్రాకెట్టులోనే అద్దానికి మర వేసి వచ్చాయి. నాన్న మొదటిసారి హీరో హోండా బ్రాకెట్టుని వేలితో తడిమి చూసి, “వీడికి ముందే తెలుసు,” అన్నారు. చిన్న పిస్టను, చిన్న ఊపు, మర వేసిన చోటు. అద్దం పనికి వచ్చే బండ్లు సగానికి సగం తగ్గిపోయాయి.

యమహాలో మాత్రం ఒక మెలిక ఉంది. కుడి అద్దానికి ఎడం మర. తెలియనివాడు మామూలు అద్దం కొనితెచ్చి బలంగా తిప్పి బొక్క పాడుచేసేవాడు. అది ఎందుకలా ఉందో క్లాసులో అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయేవారు. కుడి అద్దానికి ఎదురుగా ఏదైనా తగిలితే అద్దం వెనక్కి తోసుకుంటుంది. పై నుంచి చూస్తే అది గడియారం ముళ్ళు తిరిగే వైపు. మామూలు మరకి అది బిగించే వైపు కాబట్టి అద్దం కదలదు, కాడ విరుగుతుంది లేదా బ్రాకెట్టు పగులుతుంది. ఎడం మర అయితే వదులై పక్కకి తిరిగి ఊరుకుంటుంది. ఎడమ అద్దానికి ఇదంతా తలకిందులు, అందుకే దానికి మామూలు మరే. కొల్లేటి చేపల చెరువుల కాలంలో ఆర్‌ఎక్స్ 100 లేని రైతు లేడు మా వైపు. గట్ల మీద, తుమ్మకొమ్మల మధ్య నడిపేవారు. ఆ ఎడం మర ఎన్ని బ్రాకెట్లని కాపాడిందో నాకు తెలుసు.

వాళ్ళ కొడుకులు ఆ అద్దాలు పీకేసి తిరిగారు. అదో ఫ్యాషను.

నాన్న అద్దం బాగుచేసే వరస నాకు ఇప్పటికీ కంఠస్థం. అద్దాన్ని ఆఖర్న ముట్టుకునేవారు. ముందు ఇంజను ఫౌండేషన్ బోల్టులు, తర్వాత హెడ్డుని ఫ్రేముకి కట్టే బద్దీ, ఆ తర్వాత హ్యాండిలు కోన్‌సెట్టు, హ్యాండిలు క్లాంపులు. వీటిలో ఏది వదులున్నా అద్దం దాన్నే చూపిస్తుంది. అవన్నీ బిగువుగా ఉండి కూడా వణికితేనే అద్దం పని. తల దగ్గర గుండు అరిగి వాలిపోతుంటే, విప్పి, గిన్నెలో చిన్న ఎమ్రీ పేపరు ముక్క గరుకు వైపు గుండుకి తగిలేలా పెట్టి, స్ప్రింగు కింద ఒక వాషరు అదనంగా వేసి బిగించేవారు. కాడ కింద లాక్ నట్టు వదులు చేసి, బండి ఓనరునే సీటు మీద కూర్చోబెట్టి, అద్దం ఆయన చూపుకి తిప్పి, కాడని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో నట్టు బిగించేవారు. తర్వాత ఆ ఓనరుకి వార్నింగు. “తిప్పాలనిపిస్తే నట్టు వదులు చేసి తిప్పండి. చేత్తో బలంగా తిప్పారంటే రేపు మళ్ళీ ఇక్కడే ఉంటారు.” చాలామంది మర్నాడు అక్కడే ఉండేవారు.

హ్యాండిలు ఖాళీ గొట్టం కూడా వణుకుని మోసుకొస్తుంది. దాని చివర్లలో ఎండిన తుమ్మ కర్ర చీలికలు దిగగొట్టి, వాటి వెనక సీసపు గుళ్ళు పోసేవారు నాన్న. అరచేతుల తిమ్మిరి తగ్గడానికి మొదలెట్టిన పని అది, అద్దానికీ మేలైంది. ఇప్పుడు కొత్త బండ్ల హ్యాండిలు చివర్లలో కంపెనీయే బరువు బిళ్ళలు పెట్టి ఇస్తోంది.

బుల్లెట్టు మాత్రం చాలా కాలం మారలేదు. 1994లో కంపెనీ ఐషర్‌లో కలిసింది. 2008 తర్వాత ఇంజనూ గేరుబాక్సూ ఒకే పెట్టెలోకి చేరాయి, వణుకు కొంత తగ్గింది. అసలు మందు, అంటే పిస్టను ఊపుకి ఎదురు తిరిగే బ్యాలెన్సరు షాఫ్టు, 350 సీసీ ఇంజనుకి 2020లో అదే కంపెనీ మీటియర్ 350తో వచ్చింది. 2023లో అదే ఇంజను బుల్లెట్టులోకి దిగింది. బ్యాలెన్సరు షాఫ్టు ఊహ కొత్తదేమీ కాదు. ఇంగ్లండులోనే ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1900ల మొదట్లో దాని మీద పనిచేశాడు. యమహా 1972లో టీఎక్స్ 750కి పెట్టింది. మన బుల్లెట్టుకి రావడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. ఇప్పుడా అద్దంలో నంబరు ప్లేటు చదువుకోవచ్చు. సరిగ్గా అందుకే కొందరికి అది బుల్లెట్టులా అనిపించడం లేదట!

పాత బండ్లని ముస్తాబు చేయించుకునేవాళ్ళు ఈమధ్య పెరిగారు. 1960ల నాటి బండిని కంపెనీ నుంచి వచ్చినట్టే కావాలంటారు. కంపెనీ నుంచి అద్దం రాలేదు కాబట్టి అద్దం వద్దంటారు. పందిట్లో నిలబెట్టే బండికి అది నిజమే. రోడ్డు మీదికి తెస్తే చలానా ఉంది, దానికన్నా ముందు లారీ ఉంది. మా షెడ్డు ఇప్పుడు మా తమ్ముడి కొడుకు చూస్తున్నాడు. అలా వచ్చినవాళ్ళకి హ్యాండిలు చివర గొట్టంలోకి దూర్చి బిగించే గుండ్రటి అద్దం పెడుతున్నాడు. కాడ పొట్టిగా ఉంటుంది కాబట్టి తక్కువ వణుకుతుంది, మోచెయ్యి అడ్డం రాదు, క్లాంపు మచ్చ పడదు, ప్రదర్శన రోజున ఊడదీయొచ్చు. సందుల్లో అది గోడలకి తగులుతుందన్న ఒక్కటే చిక్కు. కొనేటప్పుడు మాత్రం గొట్టం లోపలి కొలత తీసుకెళ్ళాలి. బయట 22 మిల్లీమీటర్లు దాదాపు అందరిదీ ఒకటే. లోపలిది రేకు మందాన్ని బట్టి మారుతుంది. మా నాన్న తుమ్మ కర్ర దిగగొట్టిన హ్యాండిలైతే ముందు దాన్ని బయటికి లాగాలి, అది అంత తేలిగ్గా రాదు.